కొండ ఎంత వేగంగా పడుతుందో ముందు అడుగు

విశాఖపట్నం

చి. అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొండచరియలు నీళ్ళలో విరిగిపడినప్పుడు లేచే సునామీల మీద పరిశోధనకు చేరావని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. సునామీ అనే మాట వినగానే మీ అమ్మ కంగారు పడింది. నీ పనంతా గదిలో, అద్దాల గోడల తొట్టి దగ్గరేనని ఫోన్లో వివరించాక కుదుటపడింది.

రెండు విషయాలు రాశావు. చేరిన దగ్గర్నుంచి గులకరాళ్ళు జల్లించడం, తూకం వేయడం తప్ప వేరే పని ఇవ్వలేదని మొదటిది. గదిలో పట్టే తొట్టిలో పుట్టించిన అల నిజం కొండ గురించి ఏం చెప్పగలదన్నది రెండోది. రెండోదానికి జవాబు చెప్పుకుంటూ పోతే మొదటిదానికి కూడా అందులోనే దొరుకుతుంది. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు. నేను ఉద్యోగమంతా డ్యాముల స్పిల్‌వే నమూనాల దగ్గర గడిపినవాణ్ణి. నీ సబ్జెక్టు నా సబ్జెక్టు కాదు గానీ, నమూనా పెట్టే చిక్కులు మాత్రం ఇద్దరికీ ఒకటే.

లిటూయా బే పేరు నీ గైడ్ ఈపాటికే చెప్పి ఉంటారు. అలాస్కాలో హిమానీనదాలు తొలిచిన సన్నని సముద్రపాయ అది. 1958 జులై 9 రాత్రి పది దాటాక ఫెయిర్‌వెదర్ భ్రంశం వెంట పెద్ద భూకంపం వచ్చింది. పాయ లోపలి కొసన ఉన్న గిల్బర్ట్ ఇన్లెట్‌లోకి సుమారు 3 కోట్ల ఘనమీటర్ల రాయి ఊడిపడింది. అందులో కొంత భాగం 900 మీటర్ల ఎత్తు నుంచి వచ్చింది. ఎదుటి కొండ మీదికి నీళ్ళు 524 మీటర్లు ఎగబాకాయి. అంత ఎత్తు వరకూ అడవి పోయింది, మట్టి పోయింది, ఉత్త బండ మిగిలింది. ఆ పాయ ఒడ్డున పాత అలలు చెట్లను కోసేసిన గీతలు ఉన్నాయని అమెరికా భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాన్ మిల్లర్ ఆ భూకంపానికి కొన్నేళ్ళ ముందే గమనించాడు. 1958 గీతను కూడా ఆయనే పరిశీలించి 1960లో నివేదిక ప్రచురించాడు.

ఆ ఇన్లెట్‌లో నీటి లోతు 122 మీటర్లే. లోతుకు నాలుగు రెట్ల పైన నీళ్ళు ఎక్కాయంటే ఎవరికైనా అనుమానం రావడం సహజం. రాబర్ట్ వీగెల్ బర్క్‌లీలో 1:1000 స్కేలులో చిన్న నమూనా పెట్టి చూశాడు. రాయి అంతా ఒక్క ముద్దగా, వేగంగా పడితే నీటి పొర లోతుకు మూడు రెట్లు, ఆ పైన కూడా ఎక్కగలదని తేలింది. గట్టి ప్రయోగం మాత్రం నాలుగు దశాబ్దాలు ఆగాక జరిగింది. జూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయానికి వీఏడబ్ల్యూ అనే జలశాస్త్ర ప్రయోగశాల ఉంది. అక్కడ హెర్మన్ ఫ్రిట్జ్, విల్లీ హాగర్, హాన్స్ ఎర్విన్ మినోర్ లిటూయా అడ్డుకోతను 1:675 స్కేలులో తొట్టిలో నిలబెట్టారు. 45 డిగ్రీల వాలు మీద పెట్టెలో రాళ్ళ గుట్టను పెట్టి, గాలి ఒత్తిడితో ఆ పెట్టెను ముందుకు విసిరే యంత్రం తయారు చేశారు. పెట్టె ఆగిపోతుంది, రాళ్ళు మాత్రం అదే వేగంతో జారి నీళ్ళలో పడతాయి. ఎదుటి వాలు మీద నీళ్ళు ఎక్కిన ఎత్తును అసలు కొలతలోకి మార్చి చూస్తే 526 మీటర్లు వచ్చింది. ఈ ఫలితం 2001లో అచ్చయింది.

ఆ అంకెల్ని కాగితం మీద నువ్వే తిప్పి చూడు, నీ రెండో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మన అలను నడిపించేది గురుత్వం. కాబట్టి పొడవులు 675 వంతులు తగ్గితే కాలమూ వేగమూ దాని వర్గమూలం చొప్పున, అంటే 26 వంతులు తగ్గాలి. ఫ్రూడ్ నియమం అంటే ఇంతే. 122 మీటర్ల లోతు 18 సెంటీమీటర్లయింది. నీటిని తాకేటప్పుడు సెకనుకు 110 మీటర్లుగా లెక్కగట్టిన రాతి వేగం తొట్టిలో 4.2 మీటర్లయింది. 524 మీటర్ల ఎత్తు 78 సెంటీమీటర్లకు వచ్చింది. అంత నీటిలో అల పరుగు వేగం కన్నా రాతి వేగం అక్కడా మూడు రెట్ల పైచిలుకే, ఇక్కడా మూడు రెట్ల పైచిలుకే. ఈ నిష్పత్తి నిలిచినంత కాలం తొట్టిలోని అల నిజం అల తరఫున మాట్లాడుతుంది.

అలాగని అన్నీ స్కేలుకు లొంగవు. తొట్టిలో పోసేది కూడా మామూలు నీళ్ళే. దాని స్నిగ్ధత, తలతన్యత 675 వంతులు తగ్గవు. లోతు మరీ తక్కువైతే ఈ రెండూ అలను వెనక్కి గుంజి, అసలు కన్నా చిన్నదిగా చూపిస్తాయి. వీఏడబ్ల్యూలోనే వాలెంటిన్ హెల్లర్ దీన్ని వేర్వేరు స్కేళ్ళలో పరీక్షించి, నీటి లోతు 20 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే ఈ లోపాన్ని పట్టించుకోనక్కర్లేదని 2008లో తేల్చాడు. నీ తొట్టిలో ఆ గీతకు కింద ఎప్పుడూ పని చేయకు. గాలి సంగతి ఇంకా కష్టం. రాళ్ళు అంత వేగంతో దూకినప్పుడు నీళ్ళు వెంటనే వాటి వీపును కప్పలేవు. వెనుక పెద్ద గాలి గుంట తెరుచుకుంటుంది, తర్వాత అది కూలి బుడగలవుతుంది. తొట్టిలో బుడగ సైజు తలతన్యతను బట్టి ఉంటుంది తప్ప నీ స్కేలును బట్టి ఉండదు. గదిలోని వాతావరణ పీడనాన్ని నువ్వు 675 వంతులు తగ్గించలేదు కదా. కాబట్టి రాళ్ళు పడిన చోట నురగలో తీసిన కొలతను అనుమానంతో చూడు. అక్కడ్నుంచి దూరం జరిగి, అల తన రూపం తెచ్చుకున్నాక తీసిన కొలతను ఎక్కువ నమ్ము. చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నువ్వు దాటేయకు.

ఇప్పుడు నీ గులకరాళ్ళ దగ్గరికి వస్తాను. నీళ్ళలో బరువు పడేసి అలను పుట్టించడం పాత విద్యే. ఒంటరి అలను మొదట వర్ణించిన స్కాట్లండ్ ఇంజినీరు జాన్ స్కాట్ రస్సెల్ కాలువ కొసన బరువు దించి ఆ అలను కావాలన్నప్పుడల్లా పుట్టించేవాడు. ఆయన నివేదిక 1844 నాటిది. తర్వాతివాళ్ళు వాలు మీద త్రికోణపు దిమ్మలు జార్చారు. దిమ్మతో ఒక సుఖం ఉంది. ప్రతిసారీ ఒకేలా పడుతుంది, లెక్క తేలిగ్గా నడుస్తుంది. కానీ నిజం కొండచరియ దిమ్మలా ఉండదు. జారుతూ సాగుతుంది, ముందు భాగం ఉబ్బుతుంది, తోక పలచబడుతుంది, నీటిని తాకగానే మళ్ళీ రూపు మారుస్తుంది. అందుకే జూరిచ్‌లో 1980 నాటికే రేణువుల గుట్టలతో ప్రయోగాలు చేశారు. ఫ్రిట్జ్ వాడిన రేణువులు బేరియం సల్ఫేటు, పాలీప్రొపిలీన్ కలిపి చేయించినవి. సాంద్రత రాతితో సరిపోవాలని అంత తంటాలు పడ్డారు. అమెరికాలో ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోని సునామీ కొలనులో ఫ్రిట్జ్, ఫహద్ మొహమ్మద్ 1,350 కిలోల నదీ గులకరాళ్ళను ఒక్కో ప్రయోగంలో జార్చారు. ఆ కొలను 49 మీటర్ల పొడవు, 26 మీటర్లకు పైగా వెడల్పు.

కాబట్టి నీ చేతిలో ఉన్నది నౌకరు పని అనుకోకు, తల్లీ. రాయి పరిమాణం, రాళ్ళ మధ్య ఖాళీ, గుట్ట సాంద్రత, వాలు మీద రాపిడి కోణం సరిగ్గా తెలిస్తేనే అల ఎత్తుకు అర్థం ఉంటుంది. అవి లేకపోతే అలను కొలిచే గేజి ఎంత ఖరీదైనదైనా అది కొలిచింది ఏ కొండ తాలూకు అలో చెప్పలేవు. ప్రతి ప్రయోగం తర్వాత రాళ్ళు తడుస్తాయి, సన్న పొడి నీళ్ళలో కలిసిపోతుంది. పదో ప్రయోగంలో ఉన్న గుట్ట మొదటి ప్రయోగంలో ఉన్న గుట్టతో సమానమేనా అని చూసేది నువ్వే. గైడ్ చూడరు, పేపరు చదివేవాళ్ళకు కనిపించదు.

ఓరెగాన్ కొలను మాట వచ్చింది కనుక ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. సన్నని తొట్టిలో రాళ్ళ గతిశక్తిలో 4 నుంచి 50 శాతం దాకా అలలోకి పోతుందని ఫ్రిట్జ్ కొలిచాడు. వెడల్పు కొలనులో అదే 1 నుంచి 15 శాతం మధ్య వచ్చింది. తొట్టి గోడలు అలను పక్కలకు పోనివ్వవు. విశాలమైన నీటిలో అల విసనకర్రలా విచ్చుకుంటూ పలచబడుతుంది. నీది సన్నని తొట్టి అయితే అందులో వచ్చిన అంకెను తీసుకెళ్ళి పెద్ద సరస్సుకు నేరుగా అంటగట్టవద్దు. ఇరుకు లోయకు అంటగట్టవచ్చు, అదీ ఎందుకు వర్తిస్తుందో రాసి.

ఇక వాయోంట్. ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ఉత్తర ఇటలీలో, పియావే నదిలో కలిసే వాయోంట్ అనే చిన్న ఏటి ఇరుకు గండిలో సాడే అనే విద్యుత్ కంపెనీ 261 మీటర్లకు పైగా ఎత్తున్న ఆర్చ్ డ్యామ్ కట్టింది. అప్పట్లో ప్రపంచంలోని అతి ఎత్తైన డ్యాములలో అదొకటి. డ్యామ్ రూపకర్త కార్లో సెమెంజా. ఆయన కొడుకు ఎడోర్డో సెమెంజా భూగర్భ శాస్త్రవేత్త. జలాశయానికి ఎడమ ఒడ్డున ఉన్న మోంటె టోక్ వాలు ఎప్పుడో ప్రాచీన కాలంలో జారి ఆగిన భారీ కొండచరియ అనీ, అది మళ్ళీ కదలవచ్చనీ ఆ కొడుకే కనిపెట్టాడు. దాని పరిమాణం 20 కోట్ల ఘనమీటర్ల స్థాయిలో ఉంటుందన్న అంచనా అప్పుడే వచ్చింది. మిగతా నిపుణులలో కొందరు ఒప్పుకోలేదు. 1960లో నీళ్ళు నింపుతుండగా నవంబర్ 4న దాదాపు 7 లక్షల ఘనమీటర్ల ముక్క జలాశయంలోకి జారింది. అదే సమయంలో కొండ మీద రెండు కిలోమీటర్ల పొడవున ఎం అక్షరం ఆకారంలో పగులు విచ్చింది. అక్కడి పల్లెవాళ్ళ భయాన్ని అంతకు ముందే పత్రికలో రాసినందుకు టీనా మెర్లిన్ అనే విలేకరి మీద తప్పుడు వార్తలతో జనాన్ని బెదరగొట్టిందని కేసు పెట్టారు. 1960లో కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది.

కొండ కదులుతోందని అందరికీ తెలిసింది. పడితే అల ఎంత లేస్తుందో తెలుసుకోవాలని కంపెనీ పూనుకుంది. నోవె అనే చోట జలాశయాన్ని 1:200 స్కేలులో కట్టారు. పడువా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ ఆగస్టో గెట్టి 1961, 1962లలో ప్రయోగాలు నడిపాడు. కొండకు బదులు గుండ్రటి గులకరాళ్ళు పోసి, తాళ్ళతో లాగి నీళ్ళలోకి జార్చారు. అచ్చం నువ్వు జల్లిస్తున్న రాళ్ళ వంటివే. నమూనా పనితనంలో వంక పెట్టడానికి లేదు. నీటిమట్టాలు శ్రద్ధగా కొలిచారు, రకరకాల వేగాలతో మళ్ళీ మళ్ళీ జార్చి చూశారు. జలాశయం మట్టం సముద్రమట్టానికి 700 మీటర్ల దగ్గర ఉంటే, ఊహించదగిన ఎంత ఘోరమైన జారుడుకైనా భయం లేదని 1962 జులైలో నివేదిక ఇచ్చారు.

1963 సెప్టెంబరులో నీటిమట్టాన్ని 710 మీటర్ల దాకా తీసుకెళ్ళారు. కొండ నడక వేగం పెరిగింది. మట్టాన్ని దించడం మొదలుపెట్టారు. అక్టోబర్ 9 రాత్రి 10 గంటల 39 నిమిషాలకు నీళ్ళు 700 మీటర్ల దగ్గర, అంటే నివేదిక భద్రమని చెప్పిన చోటే ఉన్నాయి. కొండ పడింది. దాదాపు 27 కోట్ల ఘనమీటర్లు, ఒక్క పెళ్ళగా, ఒక నిమిషం లోపే. జలాశయంలో ఉన్న నీళ్ళే 11 కోట్ల ఘనమీటర్ల పైచిలుకు. అంటే నీటికి రెండింతలకు పైగా కొండ. అల డ్యామ్ పైఅంచును 100 మీటర్లకు పైగా దాటి గండిలోకి దూకింది. కింద లొంగరోనె పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి దాదాపు 2,000 మంది పోయారు. డ్యామ్ మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. వెళ్తే చూడవచ్చు.

మరి నమూనాలో ఏం జరిగింది? అందులో పోసిన కొండ 4 కోట్ల ఘనమీటర్లకు సమానం. అదీ ఒక్కసారిగా కాదు, ఎగువ భాగం ఒకసారి, దిగువ భాగం ఒకసారి వేర్వేరుగా జారుతుందని అనుకున్నారు. ఎంత వేగంగా పడినా ఒక నిమిషం పడుతుందని అనుకున్నారు. 1:200 స్కేలులో అది నాలుగు సెకన్ల పైచిలుకు. తొట్టి దగ్గర నిలబడి చూసేవాడికి నాలుగు సెకన్లు చాలా వేగంగానే కనిపించి ఉంటుంది. పైగా విడివిడి గులకరాళ్ళు నీళ్ళలో విచ్చుకుపోతాయి, నీటిని తమ మధ్య నుంచి పోనిస్తాయి. మోంటె టోక్ విచ్చుకోలేదు. మీద ఉన్న చెట్లతో సహా ఒకే పెళ్ళగా వచ్చి లోయను పూడ్చేసింది.

ఆ తొట్టి తప్పు చెప్పలేదు, అమ్ములూ. 4 కోట్ల ఘనమీటర్ల గులకరాళ్ళు రెండు విడతలుగా, నిమిషానికి తగ్గని నిదానంతో పడితే ఏమవుతుందని అడిగారు. దానికి సరైన జవాబే చెప్పింది. 20 కోట్ల అంచనా కాగితం మీద అప్పటికే ఉంది. ఆ అంచనా తొట్టి దాకా రాలేదు. అల ఎత్తు తొట్టి చెబుతుంది. కొండ ఎంత, ఏ ముక్కలుగా, ఎంత వేగంతో అన్నది మాత్రం తొట్టి చెప్పదు, మనం చెప్పాలి. నీ రంగంలో ప్రాణాలు ఆధారపడేది ఈ రెండో భాగం మీదే. నమూనాలు కట్టే మనవాళ్ళు ఎక్కువ శ్రమ మొదటి భాగం మీద పెడతారు, ఎందుకంటే అక్కడ గేజీలు ఉన్నాయి, లేజరు ఉంది, కెమెరా ఉంది, కొలిచిన కొద్దీ అంకె నున్నగా వస్తుంది. ఆ నునుపును చూసి అంకె నిజమని నమ్మేస్తాం. ఆ అలవాటు నీకు పట్టకూడదని నా కోరిక.

ఇందులో ఏది ముందు సరిచూసుకోవాలో లెక్కే చెబుతుంది. హెల్లర్, హాగర్ తమ ప్రయోగాలన్నిటినీ కలిపి ఒక సూత్రం ఇచ్చారు. ఇంపల్స్ ప్రోడక్ట్ పరామితి అంటారు. నీ గైడ్ చేయించే మొదటి లెక్క బహుశా అదే. అందులో రాతి వేగం యథాతథంగా ఉంటుంది, గుట్ట మందం వర్గమూలంలో ఉంటుంది, బరువు నాలుగో మూలంలో ఉంటుంది. అల ఎత్తు ఆ మొత్తానికి 4/5 ఘాతం. ఇప్పుడు ఒక్కొక్కటీ రెట్టింపు చేసి చూడు. మిగతావి కదపకుండా బరువును రెట్టింపు చేస్తే అల 15 శాతమే పెరుగుతుంది. మందం రెట్టింపైతే 32 శాతం. వేగం రెట్టింపైతే 74 శాతం. అంటే వేగం అంచనాలో దొర్లిన పొరపాటు అన్నిటికన్నా ఖరీదైనది. విచిత్రం ఏమిటంటే, కొండ పడకముందు మనకు అన్నిటికన్నా తక్కువ తెలిసేది కూడా వేగమే. పరిమాణం సర్వే చేసి కొలవవచ్చు, మందం బోరు వేసి తెలుసుకోవచ్చు. వేగం మాత్రం జారుడు పొరలో ఏ మట్టి ఉంది, దానిలో నీటి ఒత్తిడి ఎంత, జారుతున్న కొద్దీ రాపిడి ఎంత పడిపోతుంది అన్నవాటి మీద ఉంటుంది. వాయోంట్‌లో జారింది సున్నపురాతి పొరల మధ్య ఉన్న పలచటి బంకమట్టి మీద. పైగా వాయోంట్ లాగా కొండే నీటికన్నా పెద్దదైతే ఈ సూత్రం తన పరిధి దాటిపోతుంది. పరిధి ఎక్కడ ముగుస్తుందో సూత్రం పక్కనే రాసి పెట్టుకో.

కొండ గురించిన ఈ అంచనాలను ఇప్పటివాళ్ళు ఎంతో మెరుగ్గా చేస్తున్నారు. నార్వేలో ఆక్‌నెస్ అనే వాలు ఏటా కొన్ని సెంటీమీటర్లు కిందికి జరుగుతోంది. దాని కింద ఫియోర్డ్, ఒడ్డున ఊళ్ళు ఉన్నాయి. ఆ దగ్గర్లోనే టాఫ్యోర్డ్‌లో 1934లో కొండ పడి లేచిన అలకు 40 మంది చనిపోయారు కాబట్టి అక్కడివాళ్ళకు ఇది పుస్తకాల సంగతి కాదు. వాలు మీద పరికరాలు పెట్టి రాత్రింబవళ్ళు కాపలా కాస్తున్నారు. ఆ ఫియోర్డ్‌ను 1:500 స్కేలులో కట్టి ప్రయోగాలు చేశారు. ఘోరమైన పరిస్థితికి 5 కోట్ల 40 లక్షల ఘనమీటర్లు పడతాయని అంచనా వేసుకున్నారు, దానితో పాటు చిన్న జారుళ్ళకూ లెక్కలు కట్టారు. ఏ అంచనా ఎక్కడ్నుంచి వచ్చిందో భూగర్భ శాస్త్రవేత్తల నివేదికల్లో ఉంటుంది. నువ్వు నేర్చుకోవాల్సిన పద్ధతి అది.

ఇదంతా ఎక్కడో చలిదేశాల గొడవ అనుకోకు. 2023 అక్టోబర్ 3 రాత్రి సిక్కింలో దక్షిణ లొనాక్ సరస్సులోకి గట్టు మీది గడ్డకట్టిన మొరెయిన్ (హిమానీనదం తెచ్చి పోసిన రాళ్ళూ మట్టీ), 1 కోటి 47 లక్షల ఘనమీటర్లు, విరిగిపడింది. దాదాపు 20 మీటర్ల అల లేచి సరస్సు కట్టను తెంచింది. తీస్తా లోయలో వరద పరుగెత్తి చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా-3 డ్యామును ఊడ్చేసింది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు, పదుల సంఖ్యలో జాడ తెలియలేదు. ఆ సరస్సు ప్రమాదకరమని ముందే శాస్త్రవేత్తలు రాసి ఉన్నారు. హిమాలయాల్లో అలాంటి సరస్సులు ఇంకా ఉన్నాయి, వాటి కింద ఊళ్ళూ విద్యుత్ కేంద్రాలూ ఉన్నాయి. మన దేశంలో నీ చదువుకు మొదటి అవసరం అక్కడే ఉందని నా ఉద్దేశం.

సముద్రం వైపు చూస్తే, 2004 డిసెంబర్ 26న మన కోస్తాలోనే వంద మందికి పైగా పోయారు. ఆ తర్వాతే హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. అలాంటి కేంద్రాలకు మొదటి కబురు భూకంప తరంగాల నుంచే అందుతుంది. 2018 డిసెంబర్ 22న ఇండోనేషియాలో అనాక్ క్రకటావ్ అగ్నిపర్వతం ఒక పక్క సముద్రంలోకి కూలినప్పుడు అలాంటి పెద్ద భూకంపమేదీ లేదు. హెచ్చరిక రాలేదు, 400 మందికి పైగా చనిపోయారు. కొండచరియ సునామీలో సమయం ఎప్పుడూ తక్కువే. అందుకే ముందుగా తెలిసిన లెక్కలకు, అంటే నీలాంటివాళ్ళు తొట్టి దగ్గర తీసే లెక్కలకు, మిగతా సునామీల కన్నా ఇక్కడ ఎక్కువ విలువ.

కొన్ని చిన్న జాగ్రత్తలు కూడా చెప్పి ముగిస్తాను. ఒక ప్రయోగానికీ ఇంకో ప్రయోగానికీ మధ్య నీళ్ళు పూర్తిగా నిలకడ అయ్యేదాకా ఆగు. పైకి నిశ్చలంగా కనిపిస్తుంది గానీ తొట్టి నిడివిన మెల్లగా ఊగుతూనే ఉంటుంది, గేజి గీతను చూస్తే తెలుస్తుంది. తొట్టి అవతలి గోడ నుంచి అల తిరిగొచ్చే లోపు తీసిన కొలతలే వాడు. గేజీల క్రమాంకనం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకో. నీటి వేడి మారితే రీడింగు కూడా మారుతుంది. చెడిపోయిన ప్రయోగమని దేన్నీ కొట్టేయకు. ఎందుకు చెడిందో లాగ్‌బుక్కులో రాసి అలాగే ఉంచు. రాళ్ళు అనుకున్నట్టు కాకుండా ఒక్క పెళ్ళగా పడిన రోజు ఉంటే దాన్ని మరీ జాగ్రత్తగా రాయి.

ఏడాదికోసారైనా నీ తొట్టి వదిలి నిజం కొండ దగ్గరికి వెళ్ళు. జియాలజీ విభాగంలో ఒక స్నేహితురాల్ని సంపాదించుకో, వాళ్ళ ఫీల్డు ట్రిప్పులకు వెంటపడు. పగులులో చెయ్యి పెట్టి చూడు, ఆ ఊరి వాళ్ళు ఏమంటున్నారో విను. మోంటె టోక్ కింద పశువులు మేపుకునేవాళ్ళు కొండ కదులుతోందని నివేదికల కన్నా ముందే చెప్పుకున్నారు. ఇంకో మాట, రేపు నీ లెక్కలు ఏ డ్యామ్ కంపెనీకో ప్రభుత్వ శాఖకో కావలసి వస్తాయి. నోవె నమూనాకు డబ్బు ఇచ్చింది డ్యామ్ కట్టిన కంపెనీయే. డబ్బు ఎవరిదైనా పుచ్చుకో, తప్పు లేదు. కానీ కొండ పరిమాణం, వేగం ఇంత అని డబ్బు ఇచ్చేవాళ్ళ చేత మాత్రం చెప్పించుకోవద్దు. ఒకవేళ వాళ్ళ అంకె మీదే ప్రయోగం చేయాల్సి వస్తే, దాని పక్కన అంతకు రెట్టింపుతో, అయిదింతలతో కూడా జార్చి, మూడు ఫలితాలూ ఒకే పట్టికలో అచ్చు వేయించు. ఒకదాన్ని విడిగా తీసి చూపించడానికి ఎవరికీ వీలు లేకుండా చెయ్యి.

నీ థీసిస్ ఎప్పుడు మొదలుపెట్టినా మొదటి పేజీలో ఒక చిన్న పట్టిక ఉండాలి: కొండ పరిమాణం ఎంత, మందం ఎంత, వేగం ఎంత, ఒక్కసారిగా పడుతుందా ముక్కలుగా పడుతుందా, ఇందులో ఒక్కో మాట ఎవరు చెప్పారు, దేన్ని చూసి చెప్పారు. ఇప్పుడు చేస్తున్న గులకరాళ్ళకు కూడా అలాంటి పట్టికే వెయ్యి. వచ్చే ఉత్తరంలో దాని నకలు నాకు పంపు. ఏ గడి ఖాళీగా ఉందో దాచకుండా పంపు.

ఆశీస్సులతో,
నీ మామయ్య